కొత్త ఎఫ్‌ఎం స్టేషన్లు వస్తాయి సరే, వాటిలో మన పాట ఉంటుందా?

ఆదోని, కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు, హిందూపురం, మదనపల్లె. ఇటు తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్, మహబూబ్‌నగర్, ఆదిలాబాద్. ఈ ఊర్ల పేర్లు ఒక్కచోట చదివితే మనవాళ్లకి వెంటనే ఒక విషయం తడుతుంది. ఇవన్నీ మన కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఊర్లు. ఇప్పుడు ఇవన్నీ ఒక ప్రభుత్వ జాబితాలో కూడా ఉన్నాయి.

2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ దేశంలోని 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానెళ్లను వేలం వేయడానికి ఆమోదం తెలిపింది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 22 పట్టణాల్లో 68 చానెళ్లు, తెలంగాణకు 10 పట్టణాల్లో 31 చానెళ్లు. ఈ నిర్ణయానికి ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని.

వినడానికి బాగానే ఉంది. కానీ ఆదోనిలో మాతృభాష అంటే ఏది? ఒక వీధిలో ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబం ఉంటుంది. పక్క వీధిలో తెలుగు తప్ప ఇంకో భాష రాని దూదేకుల కుటుంబం ఉంటుంది. ఇంకాస్త ముందుకు వెళ్తే కన్నడ ఇళ్లు. స్టేషన్ పెట్టేవాళ్లు వీళ్లలో ఎవరిని శ్రోతగా లెక్కపెడతారు?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ముందు హైదరాబాద్ రేడియో కథ చూడాలి. దాదాపు 90 ఏళ్లలో అక్కడ పాటల తీరు నాలుగైదు సార్లు మారింది. మారిన ప్రతిసారీ నిర్ణయం తీసుకున్నది వేరేవాళ్లు. వినేవాళ్లను అడిగింది మాత్రం చాలా తక్కువ.

నిజాం కాలంలో తెలుగుకు చిన్న చోటు

హైదరాబాద్‌లో రేడియో ఒక ప్రైవేటు ప్రయత్నంగా మొదలైంది. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఉర్దూ దానికి ప్రధాన భాష. గజల్, ఖవ్వాలి, హిందుస్తానీ సంగీతం, ఉర్దూ నాటకాలు, ముషాయిరాలు అక్కడ పెద్ద పీట మీద కూర్చున్నాయి. తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలు కూడా ఉండేవి, కానీ వాటి చోటు చిన్నది.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవాళ్లు. వాళ్ల సొంత రాజ్యంలో, వాళ్లు కట్టిన పన్నులతో నడిచే రేడియోలో వాళ్ల భాషకు దక్కింది చిన్న ముక్క. దక్కన్ రేడియోని తలచుకుని మన పెద్దవాళ్లు మురిసిపోతారు, తప్పులేదు. కానీ ఆ రోజుల్లో వరంగల్‌లోనో, నల్లగొండలోనో రేడియో ముందు కూర్చున్న తెలుగు రైతుకి ఆ స్టేషన్ తనదని అనిపించి ఉండదు. ఈరోజు మనం అడగబోయే ప్రశ్న అప్పుడు అతను అడగాల్సిన ప్రశ్నే.

ఢిల్లీలో మంత్రి, హైదరాబాద్‌లో పాట

1948 సెప్టెంబర్‌లో సంస్థానం భారత్‌లో కలిసింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో భాగమైంది. ఆ తర్వాత క్రమంగా లెక్క తిరగబడింది. తెలుగు ప్రధాన భాష అయింది. ఉర్దూకి రోజులో కొంత సమయం మిగిలింది. రాత్రిపూట వచ్చే 'నైరంగ్' కార్యక్రమం కోసం పాతబస్తీ ఇళ్లలో ఎదురుచూసేవాళ్లని మన దాదీలు, నానీలు ఇప్పటికీ చెబుతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో మార్పు వచ్చింది. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కి సినిమా పాట అంటే పడదు. ఆయన 1962 దాకా పదేళ్లు అదే పదవిలో ఉన్నారు. రేడియోలో సినిమా పాటలకు కత్తెర పడింది, శాస్త్రీయ సంగీతానికి సమయం పెరిగింది. కళాకారులకు ఆడిషన్లు, గ్రేడ్ల పద్ధతి గట్టిపడింది. అంతవరకూ ఉస్తాద్ పేరు, ఘరానా పేరు చాలిన చోట ఇప్పుడు కమిటీ ముందు పరీక్ష ఇవ్వాల్సి వచ్చింది. హిందుస్తానీ సంగీతం దెబ్బతినడానికి ముస్లిం ఉస్తాదులు కూడా ఒక కారణమని కేస్కర్ తన రాతల్లో వాదించారు. అలాంటి అభిప్రాయం ఉన్న మనిషి చేతిలో దేశం మొత్తం రేడియో ఉండటం చిన్న విషయం కాదు.

అయితే ఆ విధానంలో అంతా చెడే జరిగిందని కూడా అనలేం. సినిమా పాట ఖాళీ చేసిన చోట తెలుగులో లలిత సంగీతం పెరిగింది. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, హైదరాబాద్ కేంద్రంలో పాలగుమ్మి విశ్వనాథం లాంటివాళ్లు చేసిన పాటలు తెలుగు ఇళ్లలోకి అలాగే వెళ్లాయి. మార్కెట్ అడగని సంగీతాన్ని కూడా ప్రభుత్వ రేడియో బతికించగలదు అనడానికి అది ఉదాహరణ. గజల్‌కీ, ఖవ్వాలీకీ కూడా ఆ నీడ కొంత దక్కింది. హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. గజల్ గాయకుడు విఠల్‌రావుని ఈ నగరం తన సొంత గొంతుగా చూసుకుంది. గజల్ ముస్లింల సొత్తు మాత్రమే కాదని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

శ్రోతలు సిలోన్‌కి వలస వెళ్లారు

మరి సినిమా పాట కావాలనుకున్న జనం ఏం చేశారు? స్టేషన్ మార్చారు, అంతే. 1952 డిసెంబర్‌లో రేడియో సిలోన్‌లో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. అమీన్ సయానీ గొంతు ప్రతి ఊరికీ చేరింది. సిలోన్‌లో తెలుగు పాటలు కూడా వచ్చేవి. కోరిన పాట కోసం జనం పోస్టుకార్డులు రాసేవాళ్లు. ఫర్మాయిష్ అనే మాట ఉర్దూ రాని ఇళ్లలో కూడా తెలిసింది ఆ కాలంలోనే.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. గీత్‌మాలాకి డబ్బు ఇచ్చింది ఒక టూత్‌పేస్ట్ కంపెనీ. అంటే మంత్రి వద్దన్న పాటను వ్యాపారి డబ్బు పెట్టి వినిపించాడు.

చివరికి ఢిల్లీ దిగివచ్చింది. 1957 అక్టోబర్ 3న విివిధ్ భారతి మొదలైంది. 1967లో అందులోకి ప్రకటనలు వచ్చాయి. ఇంకోవైపు 1965 తర్వాత ఢిల్లీ నుంచి ఉర్దూ సర్వీస్ నడిచింది. దాని గురి ఎక్కువగా సరిహద్దు అవతలి శ్రోతల మీద. అయినా మన ఊర్లలో కూడా వినేవాళ్లు, ఎందుకంటే అందులో పాత సినిమా పాటలు బాగా వేసేవాళ్లు.

ఈ దశలో ఒక చిత్రమైన సంగతి జరిగింది. మఖ్దూం మొహియుద్దీన్ హైదరాబాద్ కవి. ఆయన రాసిన గజల్ ఒకటి ఖయ్యాం సంగీతంలో 1982లో వచ్చిన 'బాజార్' సినిమాలోకి వెళ్లింది. లతా మంగేష్కర్‌తో కలిసి పాడిన తలత్ అజీజ్ కూడా హైదరాబాద్ వాడే. అలా మన నగరం కవిత్వం బొంబాయి సినిమా పాటగా మారి, రేడియోలో మళ్లీ మన నగరానికే వచ్చింది. సినిమా అనే టికెట్ లేకుండా అది అంత మందికి చేరేది కాదు. అప్పటినుంచి రేడియోలో ఉర్దూ అంటే చాలామందికి హిందీ సినిమా పాట అయిపోయింది.

ప్రైవేటు ఎఫ్‌ఎం: నాలుగు స్టేషన్లు, ఒకే తీరు

1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ప్రైవేటు ఎఫ్‌ఎంకి దారి పడింది. మొదటి విడతలో లైసెన్స్ ఫీజు ప్రతి ఏటా పెరిగే పద్ధతి పెట్టారు. కంపెనీలు ఆ భారం మోయలేకపోయాయి. 2005లో రెండో విడతకి లెక్క మార్చారు. వేలంలో ఒకసారి కట్టే ప్రవేశ రుసుము, ఆ తర్వాత ఆదాయంలో 4 శాతం. 2006లో హైదరాబాద్‌కి రేడియో సిటీ, రేడియో మిర్చి, బిగ్ ఎఫ్‌ఎం, ఎస్ ఎఫ్‌ఎం వచ్చాయి. చివరిదే తర్వాత రెడ్ ఎఫ్‌ఎం అయింది.

నాలుగు వచ్చాయి కదా, నాలుగు రకాల సంగీతం వస్తుందని అనుకుంటాం. అలా జరగలేదు. నాలుగింట్లోనూ సినిమా పాటే రాజు. గజల్, ఖవ్వాలి, జానపదం లాంటివి ఏదో ఒక ఆదివారానికో, రాత్రి పొద్దుపోయాక వేళకో మిగిలాయి. ఎందుకు?

ఒక కారణం నిబంధనల్లోనే ఉంది. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. మూడో విడతలో ఆకాశవాణి బులెటిన్లను మార్చకుండా వేసుకోనిచ్చారు, అంతే. గంటకు 10 నిమిషాల దాకా వార్తలకు అనుమతి ఇవ్వాలని 2023 సెప్టెంబర్‌లో ట్రాయ్ సిఫారసు చేసింది. వార్తలు లేని స్టేషన్‌కి పాటే సరుకు. ఆ సరుకు ఎవరికీ నచ్చకుండా పోకూడదు కాబట్టి అందరూ ఒకే సరుకు పెడతారు.

రెండో కారణం పని పద్ధతి. ఆర్‌జే తనకు నచ్చిన పాట వేస్తాడని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా ఉండదు. ప్రోగ్రామింగ్ వాళ్లు గంటను గడియారంలా గీసుకుంటారు. ఏ నిమిషానికి కొత్త హిట్, ఏ నిమిషానికి రెండు మూడేళ్ల కిందటి హిట్, ఎక్కడ పాత పాట, ఎక్కడ ప్రకటనలు అని. ఆ గీతల ప్రకారం పాటల వరస సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. కొత్త హిట్ రోజులో చాలాసార్లు తిరుగుతుంది. ఆ గడియారంలో గజల్‌కి గీత లేకపోతే, ఆర్‌జే ఎంత గజల్ ప్రియుడైనా చేసేదేమీ లేదు.

మూడో కారణం కొలత. రేడియో ఎవరు వింటున్నారో కొలిచే 'రామ్' పద్ధతి 2007లో మొదలైంది. అది ముంబై, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాలకే. హైదరాబాద్ అందులో లేదు. ఇంత పెద్ద నగరానికే ఆ కొలత లేనప్పుడు ఆదోనికో, సూర్యాపేటకో ఉంటుందని ఆశించడం కష్టం. కొలత లేని చోట అలవాటే నిర్ణయిస్తుంది. అలవాటు అంటే సినిమా హిట్.

కామర్స్ చదివినవాడి లెక్క

ఇప్పుడు కొత్త వేలం అంకెలు చూద్దాం. 730 చానెళ్లకు కలిపి కనీస ధర రూ.784.87 కోట్లు. సగటున ఒక్కో చానెల్‌కి రూ.1.07 కోట్లు. ఇది సగటు మాత్రమే, పట్టణాన్ని బట్టి మారుతుంది. లైసెన్స్ 15 ఏళ్లకు కాబట్టి ఏడాదికి ఏడు లక్షల పైన, నెలకి దాదాపు రూ.60 వేలు పడుతుంది. దీనిమీద జీఎస్టీ మినహాయించిన ఆదాయంలో 4 శాతం ఏటా కట్టాలి. టవర్ అద్దె, కరెంటు, జీతాలు, పాటల రాయల్టీ అన్నీ వేరే.

చిన్న ఊర్లో ఈ డబ్బు ఎక్కడినుంచి రావాలి? బట్టల షాపు, బంగారు షాపు, కోచింగ్ సెంటర్, ప్రైవేటు ఆస్పత్రి, వెంచర్ వేసిన రియల్టర్. వీళ్ల ప్రకటనలే దిక్కు. అది చాలదని భయపడి కంపెనీలు రాకపోవడం కూడా ఉంది. మూడో విడతలో రెండోసారి వేలం పెట్టినప్పుడు 92 పట్టణాల్లో 266 చానెళ్లు ఉంచితే 66 మాత్రమే అమ్ముడుపోయాయి. కాబట్టి 31, 68 అనే అంకెలు చూసి అన్ని స్టేషన్లూ రేపే మోగుతాయని అనుకోకూడదు.

వచ్చిన కంపెనీ కూడా ఖర్చు తగ్గించుకోవడానికి సులువైన దారి వెతుకుతుంది. పెద్ద నగరంలో తయారైన పాటల వరసనే చిన్న ఊర్లో వేస్తుంది. అప్పుడు నంద్యాలలో వినిపించేది హైదరాబాద్ ఎఫ్‌ఎం నకలు అవుతుంది. మాతృభాష అన్న మాట కాగితం మీద నెరవేరుతుంది, ఎందుకంటే పాటలు తెలుగులోనే ఉంటాయి కదా. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ఉర్దూని రెండో అధికార భాషగా చేశాయి. ఆ చట్టాలు ప్రభుత్వ కార్యాలయాలకు. ప్రైవేటు స్టేషన్ పాటల పట్టికకు అవి వర్తించవు.

"ఈ కాలంలో రేడియో ఎవరు వింటారు, అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా" అనేవాళ్లు ఉంటారు. ఫోన్‌లో వెతికేవాడికి తనకు కావలసింది ముందే తెలిసి ఉండాలి. విఠల్‌రావు పేరు తెలియని పిల్లవాడు ఆయన గజల్ కోసం వెతకడు. కుట్టు మిషన్ ముందు కూర్చున్న అమ్మ, ఆటో నడిపే అబ్బాయి, షాపులో కౌంటర్ దగ్గర ఉన్న ముసలాయన, వీళ్లకి వెతికే తీరిక ఉండదు. వాళ్లు వేసింది వింటారు. ఏం వేస్తున్నారనేది అందుకే ముఖ్యం.

మనం అడగాల్సింది ఏంటి?

పూర్తిగా ఉర్దూ చానెల్ కావాలని అడగడం తేలిక, నడపడం కష్టం. పైగా అది మనందరికీ సరిపోదు. మన కుటుంబాల్లో తెలుగు తప్ప వేరే భాష లేనివాళ్లు చాలామంది. పాట గురించే మన ఇళ్లలో ఒకే అభిప్రాయం లేదు. హమ్ద్, నాత్ తప్ప ఇంకేమీ విననివాళ్లు ఉన్నారు. ఖవ్వాలి లేకుండా ఉర్సు లేదనేవాళ్లు ఉన్నారు. కొత్త తెలుగు సినిమా పాట వస్తే ముందు వినేది మన పిల్లలే.

అందుకే అడగాల్సింది గడియారంలో గీత. గంటకు 12 పాటలు వేస్తారు అనుకుందాం. అందులో ఒకటో రెండో స్థానిక పాటకు ఉంచమనాలి. దానికి సరుకు లేదా అంటే బోలెడంత ఉంది. పెళ్లిళ్లలో మన ఆడవాళ్లు పాడే ఢోలక్ గీతాలు ఉన్నాయి. దఖ్ఖనీ హాస్య కవిత్వం ఉంది. రాయలసీమలో హిందువులు, ముస్లింలు కలిసి తెలుగులో పాడే పీర్ల పాటలు ఉన్నాయి. దాశరథి 'గాలిబ్ గీతాలు' తెలుగులోకి తెచ్చారు, సి.నారాయణరెడ్డి తెలుగులోనే గజళ్లు రాశారు. తెలుగు గజల్ తర్వాత ఉర్దూ గజల్ వేస్తే చానెల్ మార్చేవాడు ఉండడు. రెండూ ఒకే ఇంటి పిల్లలు.

అడిగితే ఇస్తారా? ఊరికే అడిగితే ఇవ్వరు. అందుకే మూడు దారులు.

మొదటిది వ్యాపారులు. గీత్‌మాలా సంగతి గుర్తుందా? చిన్న ఊరి స్టేషన్‌కి రంజాన్ నెల పెద్ద సీజన్. బట్టలు, చెప్పులు, సేమియా, అత్తరు, హలీం, అన్నీ అప్పుడే అమ్ముడుపోతాయి. ప్రకటన ఇచ్చే మన దుకాణదారులు నలుగురైదుగురు కలిసి, "మా ప్రకటన ఈ గంటలో, ఈ రకం కార్యక్రమంలో వస్తేనే ఇస్తాం" అంటే స్టేషన్ వింటుంది. ఒక్క రంజాన్‌లో కాకుండా ఏడాది పొడవునా వారానికో గంటకి కట్టుబడితే గడియారంలో గీత పడుతుంది. ఒకటి తెలుసుకోండి, ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్స్‌కి మత సంస్థలు అర్హులు కావు. కాబట్టి మస్జిద్ కమిటీ స్టేషన్ పెట్టలేదు. కానీ దుకాణదారుడు కార్యక్రమానికి స్పాన్సర్ కావడానికి ఏ అడ్డూ లేదు.

రెండోది కమ్యూనిటీ రేడియో. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కూడా దీనికి అనుమతి ఉంది. సంస్థ రిజిస్టరై కనీసం మూడేళ్లు అయి ఉండాలి. తరంగం పది, పదిహేను కిలోమీటర్ల దాకా వెళ్తుంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి. 2024 మార్గదర్శకాలతో ప్రకటనల సమయం గంటకు 12 నిమిషాలకు పెరిగింది, అంటే ఖర్చులు రాబట్టుకునే వీలు కూడా పెరిగింది. దీనికి ఉదాహరణ మన పక్కనే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న మొదలైన సంఘం రేడియోని దళిత మహిళలు నడిపారు. వాళ్ల పంటలు, వాళ్ల పండుగలు, వాళ్ల పాటలే కార్యక్రమాలు. ఏ కంపెనీ వేలంపాడి వాళ్లకి ఇవ్వలేదు. మన విద్యాసంస్థలు, మహిళా సంఘాలు చాలా ఊర్లలో ఉన్నాయి. వాళ్లు ఎందుకు చేయకూడదు?

మూడోది ఇప్పటికే ఉన్న ఆకాశవాణి. కడప, కర్నూలు, అనంతపురం, నిజామాబాద్, ఆదిలాబాద్‌లలో కేంద్రాలు ఉన్నాయి. అవి మన పన్నులతో నడుస్తాయి. మార్కెట్ అడగని పాటను బతికించే బాధ్యత వాటికి ఇంకా ఉంది. ఉత్తరాలు తగ్గిపోతే ఉర్దూ కార్యక్రమానికి శ్రోతలు లేరని రాసుకోవడం వాళ్లకి సులువవుతుంది. కాబట్టి వినండి, విన్నామని రాయండి. మన ఊరి గాయకులను ఆడిషన్‌కి పంపండి.

వేలం పాడే కంపెనీ ఊర్లో అడుగు పెట్టకముందే ఒక పని చేయొచ్చు. మీ ఊర్లో ఢోలక్ గీతాలు వచ్చిన పెద్దమ్మలు ఎవరున్నారు, నాత్ బాగా చదివే పిల్లలు ఎవరు, పీర్ల పాటలు తెలిసినవాళ్లు ఎవరు అని ఒక జాబితా రాసి, ఫోన్‌లోనే అయినా రికార్డు చేసి పెట్టండి. రేపు స్టేషన్‌వాళ్లు "ఇక్కడ సినిమా పాట తప్ప వేసేది ఏముంది" అంటే, చేతిలో పెట్టడానికి ఏదైనా ఉండాలి కదా.